మలద్వారం లోపల హఠాత్తుగా వచ్చి పోయే నొప్పి: రాత్రిళ్లు నిద్ర లేపేస్తోంది, ఇది మొలలేనా?

మేడిచెట్టు (నెల్లూరు)

అందరికీ నమస్కారం. ఇంట్లో చెప్పుకోలేని బాధ కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. నా వయసు 41. రెండేళ్లుగా అప్పుడప్పుడు, ఎక్కువగా రాత్రి ఒంటిగంట, రెండు గంటల మధ్య, మంచి నిద్రలో ఉండగా మలద్వారం లోపల ఎవరో పట్టుకుని మెలిపెట్టినట్లు నొప్పి వస్తుంది. బయట కాదు, లోపల, పైకి. మొదట చిన్నగా మొదలై ఒకటి రెండు నిమిషాల్లో ఊపిరి బిగపట్టేంత తీవ్రమవుతుంది. ఒళ్లంతా చెమటలు పడతాయి. విరేచనమైతే తగ్గుతుందేమోనని మరుగుదొడ్డికి వెళ్తాను, ఏమీ కాదు. కుళాయి గొట్టం పట్టుకుని గొంతుక్కూర్చుంటాను. పది, పదిహేను నిమిషాలకు ఎలా వచ్చిందో అలాగే పోతుంది. తెల్లవారేసరికి అసలు ఏమీ జరగనట్లే ఉంటుంది.

ఒక్కోసారి రెండు నెలలు రాదు. ఒక్కోసారి ఒకే వారంలో రెండుసార్లు వస్తుంది. మా దగ్గర ఒక ప్రైవేటు ఆసుపత్రికి వెళ్తే కనీసం పరీక్ష చేయకుండానే మొలలు అన్నారు, లేజర్ ఆపరేషన్‌కు తేదీ కూడా ఇస్తామన్నారు. నాకు నమ్మకం కుదరలేదు. లోపల క్యాన్సర్ ఏమైనా ఉందేమోనన్న భయం మాత్రం వదలడం లేదు. ఇలాంటిది మీలో ఎవరికైనా ఉందా?

రాత్రిడ్యూటీ (స్టాఫ్ నర్సు, కర్నూలు)

ముందుగా, ధైర్యం చేసి రాసినందుకు సంతోషం. ఆపరేషన్‌కు ఒప్పుకోకపోవడం మంచిదైంది. కొన్ని వివరాలు చెప్పండి. విరేచనం అయ్యేటప్పుడు కోసినట్లు నొప్పి ఉంటుందా? రక్తం ఎప్పుడైనా పడిందా? చేతికి గడ్డ తగులుతోందా? జ్వరం, చీము? బరువు తగ్గారా? విరేచనానికి వెళ్లే అలవాటు ఈమధ్య మారిందా? రెండు నొప్పుల మధ్య రోజుల్లో కొంచెం కూడా నొప్పి ఉండదా? ఇంట్లో ఎవరికైనా పెద్దపేగు క్యాన్సర్ వచ్చిందా? మధుమేహం ఉందా?

ఇవన్నీ ఊరికే అడగడం లేదు. ఒక్కొక్క జవాబు ఒక్కొక్క జబ్బును పక్కకు తీసేస్తుంది.

వేపచిగురు (ఖమ్మం)

అన్నా, ఇది ఒంట్లో వేడి. ఎండలో తిరిగినా, ఆవకాయ, కోడికూర ఎక్కువైనా ఇలాగే వస్తుంది. పొద్దున్నే సబ్జా గింజలు నానబెట్టి తాగండి, రెండు పూటలా మజ్జిగ తాగండి. మా పక్క ఊళ్లో మొలలకు చూర్ణం ఇచ్చే ఆయన ఉన్నారు, సూది మందు కూడా వేస్తారు. మా బంధువులు చాలామంది వెళ్లారు. కావాలంటే చిరునామా పంపిస్తాను.

మేడిచెట్టు (నెల్లూరు)

రాత్రిడ్యూటీ గారికి: విరేచనం అప్పుడు నొప్పి లేదు. రక్తం ఎప్పుడూ పడలేదు. గడ్డ లేదు, జ్వరం లేదు. బరువు తగ్గలేదు, నిజానికి పెరిగాను. మధ్య రోజుల్లో నొప్పి అసలు ఉండదు. ఇంట్లో క్యాన్సర్ ఎవరికీ లేదు. మధుమేహం లేదని గత ఏడాది పరీక్షలో వచ్చింది. మలబద్ధకం మాత్రం ఉంది, రోజు విడిచి రోజు వెళ్తాను. ఆఫీసులో లెక్కలు ముగించే మార్చి నెలలో ఈ నొప్పి ఎక్కువ వచ్చినట్లు గుర్తు.

వేపచిగురు గారూ, మజ్జిగ తాగుతాను. సూది మందు మాత్రం వద్దు.

పాతస్టెతస్కోపు (విశ్రాంత శస్త్రవైద్యులు, కాకినాడ)

మేడిచెట్టు గారూ, మీరు రాసింది రెండుసార్లు చదివాను. ఇక్కడ కూర్చుని రోగనిర్ధారణ చేయలేను, చేయకూడదు. అయితే మీరు వర్ణించిన తీరుకు వైద్యశాస్త్రంలో చాలాకాలంగా ఒక పేరుంది: ప్రోక్టాల్జియా ఫ్యూగాక్స్. 1935లో డెన్మార్క్ వైద్యుడు థైసెన్ ఈ పేరు పెట్టి వివరించారు. హఠాత్తుగా వస్తుంది, కొన్ని సెకన్ల నుంచి కొన్ని నిమిషాల వరకు ఉంటుంది, 30 నిమిషాలు దాటదు, పూర్తిగా పోతుంది, మధ్యలో ఏ బాధా ఉండదు. చాలామందిని నిద్రలోంచి లేపేస్తుంది. వేర్వేరు అధ్యయనాల లెక్కల ప్రకారం నూటికి నలుగురి నుంచి పద్దెనిమిది మంది వరకు ఎప్పుడో ఒకప్పుడు దీన్ని అనుభవిస్తారు. వాళ్లలో ఎక్కువమంది వైద్యుడి దగ్గరకే రారు, అందుకే ఎవరికి వారు తమకొక్కరికే వచ్చిందనుకుంటారు.

కారణం? మలద్వారం చుట్టూ రెండు కండర వలయాలు ఉంటాయి. బయటిది మన అదుపులో ఉంటుంది. లోపలిది మన ప్రమేయం లేకుండా దానంతట అదే పనిచేస్తుంది. ఆ లోపలి వలయం ఒక్కసారిగా బిగుసుకుపోవడమే ఈ నొప్పికి కారణమని ఎక్కువమంది భావిస్తారు. అర్ధరాత్రి పిక్క పట్టేస్తే ఎలా ఉంటుందో, అదే లోపల జరిగిందనుకోండి. పిక్క అయితే చేత్తో పట్టుకుని రుద్దుకుంటాం, ఇక్కడ అందదు. ఒత్తిడి, ఆందోళన, మలబద్ధకం, కొందరిలో సంభోగం, ఆడవారిలో నెలసరి దీన్ని రేపవచ్చు. చాలాసార్లు ఏ కారణమూ కనబడదు. ఇది క్యాన్సర్ కాదు, క్యాన్సర్‌గా మారదు.

మొలల సంగతి. మన దగ్గర ఆ భాగంలో ఏ బాధ వచ్చినా మొలలనే అంటారు. లోపలి మొలలు మామూలుగా నొప్పి పెట్టవు, ఎందుకంటే అవి ఉండే చోట చర్మంలో ఉన్నట్లు నొప్పిని పసిగట్టే నరాలు లేవు. అవి రక్తం పోస్తాయి, బయటకు జారతాయి. బయటి మొలలో రక్తం గడ్డకట్టినప్పుడు మాత్రం తీవ్రమైన నొప్పి వస్తుంది. అది పావుగంటలో పోయే నొప్పి కాదు. నీలంగా గట్టి బుడిపె చేతికి తగులుతుంది, మొదటి రెండు మూడు రోజులు నరకం, తర్వాత మెల్లగా తగ్గుతుంది. ఫిషర్ అంటే మలద్వారం అంచున పడే చీలిక. విరేచనం అవుతుండగా కోసినట్లు నొప్పి, ఆ తర్వాత గంటల తరబడి మంట, కాగితం మీద ఎర్రటి రక్తపు చార. చీము గడ్డ అయితే రాత్రింబవళ్లు సలుపుతూ రోజురోజుకూ పెరుగుతుంది, జ్వరం తోడవుతుంది.

గమనించారా? నొప్పి ఎంతసేపు ఉంటుంది, ఎప్పుడు వస్తుంది అన్న రెండు ప్రశ్నలతోనే సగం పని అయిపోతుంది. నేను పనిచేసిన రోజుల్లో చేయి వేయకముందే ఈ రెండూ అడిగేవాడిని. పరీక్ష చేయకుండా ఆపరేషన్ తేదీ ఇచ్చేవారి దగ్గర మాత్రం ఒక్క క్షణం కూడా కూర్చోవద్దు. ప్రోక్టాల్జియాకు మొలల ఆపరేషన్ చేస్తే నొప్పి పోదు, పైగా పుండు నొప్పి అదనం.

అలాగని నా మాట విని ఇంట్లో కూర్చోవద్దు. ఈ పేరు పెట్టాలంటే ముందు మిగతావి లేవని తేలాలి. జనరల్ సర్జన్‌ని గానీ, గ్యాస్ట్రోఎంటరాలజిస్టును (జీర్ణకోశ వైద్యుణ్ని) గానీ కలిసి ఒక్కసారి సరిగా పరీక్ష చేయించుకోండి.

అరుగుమీద (డాలస్)

డాక్టర్ గారికి కృతజ్ఞతలు. నాకూ ఇదే ఉంది, మొదటి కాన్పు తర్వాత మొదలైంది. పాప ఏడ్చిందని లేచాననుకుంటారు ఇంట్లో, నిజానికి నేను ఆ నొప్పితో లేచేదాన్ని. ఇక్కడ నా వైద్యురాలు పరీక్ష చేసి పేరు చెప్పిన రోజు బయటకు వచ్చి కారులో కూర్చుని ఏడ్చేశాను, భయంతో కాదు, ఊరటతో. పేరు తెలిశాక నొప్పి తగ్గలేదు కానీ నొప్పితో పాటు వచ్చే భయం పోయింది. ఆ భయమే సగం ఒళ్లు బిగించేది.

నాకు ఆవిడ ఉబ్బసం వాళ్లు వాడే సాల్బుటమాల్ ఇన్‌హేలర్ రాసిచ్చారు. నొప్పి మొదలైన వెంటనే పీల్చుకోమన్నారు. నాకు కొంత పనిచేస్తోంది. ఇది నిజంగా పనిచేసే మందేనా, డాక్టర్ గారూ?

పాతస్టెతస్కోపు (విశ్రాంత శస్త్రవైద్యులు, కాకినాడ)

అమ్మా, 1996లో జర్మనీలో 18 మందితో ఒక చిన్న పరీక్ష జరిగింది. అసలు మందు ఏదో, ఉత్తి మందు ఏదో రోగికీ వైద్యుడికీ తెలియకుండా ఇచ్చి చూశారు. సాల్బుటమాల్ పీల్చుకున్నప్పుడు నొప్పి ఉండే సమయం తగ్గింది. నొప్పి ఎక్కువసేపు ఉండేవాళ్లలో మేలు స్పష్టంగా కనబడింది. రెండు నిమిషాల్లో పోయే నొప్పికి దానివల్ల పెద్ద ఉపయోగం ఉండదు, మందు పనిచేసేలోపు నొప్పే పోతుంది. గుండె దడ వస్తుంది, చేతులు వణుకుతాయి. గుండె జబ్బు, థైరాయిడ్ ఉన్నవారు వైద్యుడికి చెప్పకుండా ముట్టుకోవద్దు. ఇంట్లో పిల్లాడి ఉబ్బసం మందు తీసి వాడటం అసలే వద్దు.

వేపచిగురు (ఖమ్మం)

డాక్టర్ గారూ, మీ అనుభవం ముందు నేనెంత. కానీ ఆయుర్వేదంలో భగందరానికి, అంటే మలద్వారం పక్కన చీము కారే దారి (ఫిస్టులా) పడితే, క్షారసూత్రం అనే మందు పూసిన దారం కట్టే చికిత్స ఉంది కదా, దాన్ని ప్రభుత్వ ఆసుపత్రుల్లోనూ చేస్తారు. నాటు వైద్యమని అన్నింటినీ తోసిపుచ్చకండి.

రాత్రిడ్యూటీ (స్టాఫ్ నర్సు, కర్నూలు)

వేపచిగురు గారూ, తోసిపుచ్చడం లేదు. క్షారసూత్రం చదువుకున్న ఆయుర్వేద శస్త్రవైద్యులు చేసేది, అది భగందరానికి. మేడిచెట్టు గారికి భగందరం ఉన్న గుర్తు ఒక్కటీ లేదు. మజ్జిగ, సబ్జా వల్ల నష్టం లేదు, నీళ్లు ఒంటికి పట్టడం మంచిదే. నాకు కోపం వచ్చేది ఆ సూది మందు మాట దగ్గరే. బస్టాండు పక్క గదుల్లో, ఏ పట్టా లేనివాళ్లు వేసే సూదులు. ఏ మందో రాసి ఉండదు. అలా వేయించుకుని ఆ చుట్టూ కండ కుళ్లిపోయి మా వార్డుకు వచ్చినవాళ్లకు కట్లు కట్టాను. తర్వాత మలద్వారం ఇరుకైపోయి జీవితాంతం బాధపడేవాళ్లున్నారు. దయచేసి ఆ చిరునామా ఎవరికీ పంపవద్దు.

నిర్వాహకులు

పట్టా లేని వైద్యుల చిరునామాలు, ఫోను నంబర్లు ఇక్కడ పెట్టరాదు. చర్చ కొనసాగించండి.

రహదారి16 (తుని)

నాది లారీ. విశాఖ నుంచి చెన్నై వరకు తిరుగుతాను. నాకు వచ్చేది మేడిచెట్టు అన్నకు వచ్చినట్లు కాదు. బండిలో కూర్చున్న మూడు నాలుగు గంటలకు లోపల బరువుగా, ఏదో బంతి మీద కూర్చున్నట్లు ఉంటుంది. పొడిచినట్లు ఉండదు, నొక్కినట్లు ఉంటుంది. దిగి నడిస్తే కొంత నయం. పడుకుంటే తగ్గుతుంది. ఇలా రోజంతా కూడా ఉంటుంది. ఎక్స్‌రే తీశారు, తోక ఎముక బాగానే ఉందన్నారు. లోపలికి గొట్టం వేసి చూశారు, అదీ బాగుంది. అన్నీ బాగుంటే నొప్పి ఎందుకు? మనసులో పెట్టుకుంటున్నావు అన్నారు. నేను అబద్ధం చెబుతున్నానా?

నడుముబలం (ఫిజియోథెరపిస్టు, హైదరాబాద్)

మీరు అబద్ధం చెప్పడం లేదన్నా. పరీక్షల్లో ఏమీ కనబడకపోవడం అంటే నొప్పి లేదని కాదు, కండరం బిగుసుకుంటే గొట్టంలో గానీ ఎక్స్‌రేలో గానీ కనబడదు. చేత్తో చూస్తేనే తెలుస్తుంది.

కటి అడుగున మూత్రాశయాన్నీ పేగునూ మోస్తూ ఊయలలా పరుచుకున్న కండరాలు ఉంటాయి. వాటిలో లెవేటర్ ఏనై అనే కండరం ఎప్పుడూ బిగుతుగా ఉండిపోతే వచ్చేది మీరు చెబుతున్న రకం నొప్పి. దీన్ని లెవేటర్ ఏనై సిండ్రోమ్ అంటారు. అరగంట కంటే ఎక్కువ ఉంటుంది, కూర్చుంటే పెరుగుతుంది, లేచి తిరిగితే, పడుకుంటే తగ్గుతుంది. వైద్యుడు వేలుతో లోపల ఆ కండరాన్ని వెనక్కి, తోక ఎముక వైపు లాగినప్పుడు మీకు సరిగ్గా అదే నొప్పి వస్తే అనుమానం బలపడుతుంది. చాలామందిలో ఎడమ వైపు ఎక్కువ నొప్పి ఉంటుంది. మిమ్మల్ని చూసినవారు ఇలా లాగి చూశారా అని గుర్తు చేసుకోండి.

దీనికి ఇప్పటివరకు బాగా పనిచేసింది బయోఫీడ్‌బ్యాక్. చిన్న పరికరం మలద్వారంలో పెడతారు, మీ కండరం ఎంత బిగుతుగా ఉందో ఎదురుగా తెర మీద గీతగా కనబడుతుంది. ఆ గీతను చూస్తూ, ముక్కే పని చేసేటప్పుడు కండరాన్ని ఎలా వదలాలో నేర్చుకుంటారు. 2010లో ఇటలీ వైద్యులు 157 మందితో చేసిన అధ్యయనం ఉంది. కండరాన్ని నొక్కితే నొప్పి ఉన్నవారిలో బయోఫీడ్‌బ్యాక్‌తో 87 శాతం మందికి తగినంత ఉపశమనం వచ్చింది. కరెంటు ప్రేరణ ఇచ్చినవారిలో 45 శాతం, వేలితో మర్దన చేసినవారిలో 22 శాతం. ఈ సదుపాయం మన దగ్గర పెద్ద నగరాల్లోనే ఎక్కువగా దొరుకుతుంది, తునిలో ఉండకపోవచ్చు. విశాఖలో గ్యాస్ట్రోఎంటరాలజీ విభాగం ఉన్న ఆసుపత్రిలో ముందు అడగండి.

అంతవరకు ఇంట్లో చేయగలిగింది ఒకటి చెబుతాను. వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడవండి, పాదాలు నేల మీద. ఒక చెయ్యి పొట్ట మీద పెట్టుకోండి. ముక్కుతో మెల్లగా గాలి పీలిస్తే ఛాతీ కాదు, పొట్ట పైకి రావాలి. గాలి లోపలికి వెళ్లేటప్పుడు మలద్వారం దగ్గర కండరాలు కిందికి జారి వదులవుతున్నట్లు గమనించండి. బలవంతంగా తోయవద్దు, వదిలేయండి అంతే. గాలి వదిలేటప్పుడు ఏమీ చేయనక్కర్లేదు. పడుకునే ముందు పది నిమిషాలు చేయండి. మొదటి వారం ఏమీ తెలియదు, రెండో మూడో వారంలో ఆ కదలిక తెలుస్తుంది.

ఒక హెచ్చరిక. ఆ భాగం బాధలన్నింటికీ మలద్వారాన్ని బిగించి వదిలే కీగెల్ వ్యాయామం చేయమని వీడియోల్లో చెబుతున్నారు. మూత్రం ఆగనివారికి అది మంచిదే. ఇప్పటికే బిగుసుకుపోయిన కండరాన్ని ఇంకా బిగిస్తే నొప్పి పెరుగుతుంది. మీరు ఆ వ్యాయామం చేస్తుంటే ఆపేయండి.

బండిలో గంటన్నరకు ఒకసారి దిగండి. కష్టమని తెలుసు, సరుకు సమయానికి చేరాలని తెలుసు. టీ కోసం ఆగుతారు కదా, ఆ టీ నిలబడి తాగండి.

రహదారి16 (తుని)

మర్యాదగా చెప్పారు, దండాలు. ఆ లాగి చూడటం ఎవరూ చేయలేదు.

నీలిగోరింట (వరంగల్)

నేను 29 ఏళ్ల అమ్మాయిని. నాకు ఈ నొప్పి నెలసరి మొదటి రెండు రోజుల్లోనే వస్తుంది. విరేచనానికి వెళ్లాలంటే లోపల చీల్చినట్లు ఉంటుంది, పొత్తికడుపు నొప్పి కూడా విపరీతం. మిగతా నెలంతా బాగుంటాను. అమ్మ అందరికీ ఉండేదే అంటుంది. ఇదీ ప్రోక్టాల్జియానేనా?

పాతస్టెతస్కోపు (విశ్రాంత శస్త్రవైద్యులు, కాకినాడ)

కాదనే అనుకుంటున్నానమ్మా. నెలసరితో పాటు క్రమం తప్పకుండా వచ్చి, విరేచనం అప్పుడు లోపల నొప్పి ఉంటే ముందు అనుమానించాల్సింది ఎండోమెట్రియోసిస్. గర్భాశయం లోపలి పొరలాంటి కణజాలం బయట, కొందరిలో పేగుకూ గర్భాశయానికీ మధ్య పెరుగుతుంది. ఇది నా విభాగం కాదు, స్త్రీవైద్య నిపుణురాలి పని. వెళ్లినప్పుడు 'నెలసరి నొప్పి' అని మాత్రమే చెప్పి ఊరుకోకండి. 'నెలసరి రోజుల్లో విరేచనానికి వెళ్తే లోపల నొప్పి' అని స్పష్టంగా చెప్పండి. ఆ ఒక్క వాక్యం లేకపోవడం వల్లే చాలామందికి ఏళ్ల తరబడి ఈ జబ్బు బయటపడదు. మీ అమ్మగారికి కూడా చెప్పండి, మంచం పట్టించే నెలసరి నొప్పి అందరికీ ఉండేది కాదు.

కందిచేను (అనంతపురం)

ఈ చర్చ చదివి అడుగుతున్నాను. మా నాన్నకు 63. రెండు మూడు నెలలుగా మలద్వారం దగ్గర నొప్పి, వెళ్లి వచ్చినా ఇంకా మిగిలినట్లు ఉంటుందంటున్నారు. విరేచనం సన్నగా అవుతోందట. రక్తం పడుతోంది, మొలలే కదా అని ఊరుకున్నారు. లుంగీ వదులైందని అమ్మ అంటోంది. ఆయనకు గోరువెచ్చని నీళ్లలో కూర్చోమని చెప్పనా?

పాతస్టెతస్కోపు (విశ్రాంత శస్త్రవైద్యులు, కాకినాడ)

వద్దు బాబూ. నీళ్ల సంగతి తర్వాత. ఈ వారంలోనే నాన్నగారిని సర్జన్ దగ్గరకు తీసుకెళ్లండి. ఆ వయసులో రక్తం, విరేచనం తీరు మారడం, మిగిలినట్లు అనిపించడం, బరువు తగ్గడం ఇవన్నీ కలిసి వస్తే మొలలని అనుకుని వదిలేయకూడదు. వేలితో పరీక్ష, ఆ తర్వాత కొలనోస్కోపీ (పెద్దపేగు లోపలంతా కెమెరా గొట్టంతో చూసే పరీక్ష) అవసరం కావచ్చు. మామూలు జబ్బే అయి ఉండవచ్చు, అలా తేలితే అందరికీ సంతోషమే. కానీ అది తేలాలి. ప్రైవేటుకు డబ్బు ఇబ్బంది అయితే ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో సర్జరీ ఓపీకి పొద్దున్నే వెళ్లండి. ఆయన రానంటే మీరే బండి ఎక్కించండి.

కందిచేను (అనంతపురం)

సరేనండి. సోమవారం తీసుకెళ్తాను.

మేడిచెట్టు (నెల్లూరు)

డాక్టర్ గారు చెప్పినట్లే వేరే సర్జన్‌ని కలిశాను. చాలామంది భయపడేది ఈ పరీక్షకే కాబట్టి ఎలా జరిగిందో రాస్తున్నాను.

ఎడమ వైపు తిరిగి పడుకోమన్నారు, మోకాళ్లు ఛాతీ వైపు మడిచి. మీద దుప్పటి కప్పారు, అవసరమైనంతే తీశారు. ముందు బయట చర్మాన్ని చూశారు. తర్వాత తొడుగు వేసుకుని, జెల్లీ రాసి, 'ఇప్పుడు వేలు పెడుతున్నాను, నోటితో గాలి పీల్చి వదలండి' అని చెప్పి మరీ చేశారు. నొప్పి లేదు, విరేచనం వస్తున్నట్లు అనిపించింది అంతే. తోక ఎముక వైపు ఒకసారి, రెండు పక్కలా ఒకసారి నొక్కి 'ఇక్కడ నొప్పి ఉందా' అని అడిగారు. పొట్టి గొట్టం పెట్టి లైటుతో చూశారు. మొత్తం అయిదు నిమిషాలు కూడా పట్టలేదు. ప్రోస్టేటు కూడా అప్పుడే చూశారు. ఏమీ లేదు. చిన్న లోపలి మొల ఒకటి ఉందట, దానికీ ఈ నొప్పికీ సంబంధం లేదన్నారు, దాన్ని ముట్టుకోనవసరం లేదన్నారు. రక్తపరీక్ష రాశారు. నా వయసుకు, నా లక్షణాలకు ఇప్పుడే కొలనోస్కోపీ అవసరం లేదని, రక్తం గానీ మార్పు గానీ కనబడితే వెంటనే రమ్మని చెప్పారు.

మలబద్ధకానికి ఇసబ్‌గోల్ పొట్టు రాశారు. నొప్పి వచ్చిన ప్రతిసారీ సమయం, ఎంతసేపు, ఆ రోజు ఏం జరిగింది అన్నది రాసుకోమన్నారు. రాత్రి నొప్పి వచ్చినప్పుడు ఏం చేయాలన్నది మాత్రం హడావిడిలో సరిగా అడగలేకపోయాను. మీరెవరైనా చెబుతారా?

రాత్రిడ్యూటీ (స్టాఫ్ నర్సు, కర్నూలు)

మంచి వార్త. పరీక్ష గురించి అంత వివరంగా రాసినందుకు చదివేవాళ్ల తరఫున ధన్యవాదాలు.

నొప్పి మాత్ర వేసుకోవాలన్న ఆలోచన మొదట పక్కన పెట్టండి. మాత్ర పనిచేయడానికి అరగంట పడుతుంది, మీ నొప్పి ఈలోపు పోతుంది. మాత్ర వల్ల తగ్గిందని మనం అనుకుంటాం, రోజూ వేసుకోవడం మొదలుపెడతాం, కడుపు పాడవుతుంది.

వేడి పనిచేస్తుంది. 40 డిగ్రీల దగ్గర గోరువెచ్చని నీళ్లు ఆ కండర వలయం బిగుతును తగ్గిస్తాయని కొలిచి చూశారు. వెడల్పాటి ప్లాస్టిక్ బేసిన్ ఒకటి స్నానాలగదిలోనే ఉంచండి. గీజరు నీళ్లూ చల్లనీళ్లూ కలిపి, మోచేయి ముంచి చూడండి. మోచేతికి హాయిగా ఉంటే చాలు, చురుక్కుమంటే వేడి ఎక్కువ. పిరుదులు మునిగేలా కూర్చోండి. ఉప్పు, డెట్టాల్, పటిక ఏమీ వేయవద్దు, డెట్టాల్ చర్మాన్ని కాలుస్తుంది. అర్ధరాత్రి నీళ్లు కాచుకునే ఓపిక లేకపోతే వేడినీళ్ల సంచి తువ్వాలులో చుట్టి కింద పెట్టుకుని పక్కకు తిరిగి పడుకోండి. మధుమేహంతో స్పర్శ తగ్గినవారు వేడి విషయంలో చాలా జాగ్రత్త, కాలినా తెలియదు.

మీరు గొంతుక్కూర్చోవడం మీకు తెలియకుండానే చేసిన మంచి పని. కొందరికి మలద్వారానికి కొంచెం ముందు పిడికిలితో పైకి నొక్కి పట్టుకుంటే తగ్గుతుంది. కొందరికి నాలుగడుగులు వేస్తే తగ్గుతుంది. ఏది పనిచేస్తుందో మీ పుస్తకంలో రాసుకోండి. ముక్కవద్దు, అది ముఖ్యం. తలుపు మాత్రం గడియ పెట్టవద్దు. నొప్పి తీవ్రతకు కళ్లు తిరిగి పడిపోయినవాళ్లున్నారు.

తరచుగా వస్తుంటే వైద్యులు డిల్టియాజెం లేదా నైట్రోగ్లిజరిన్ పూత మందు రాస్తారు. నైట్రోగ్లిజరిన్‌తో తలనొప్పి వస్తుంది. దాన్ని వాడేవారు సిల్డెనాఫిల్ లాంటి అంగస్తంభన మాత్రలు వేసుకుంటే రక్తపోటు ప్రమాదకరంగా పడిపోతుంది. మగవాళ్లు ఈ మాత్రల సంగతి వైద్యుడికి చెప్పరు. చెప్పండి.

ఇసబ్‌గోల్ పెద్ద గ్లాసు నీళ్లతోనే తాగాలి. తక్కువ నీళ్లతో తాగితే అదే అడ్డుపడుతుంది. రోజుకు 25 నుంచి 30 గ్రాముల పీచు ఒంటికి కావాలి. తోటకూర, బెండకాయ, జామకాయ, రాగి, జొన్న మన ఇళ్లలో ఉన్నవే. ఒక్కరోజులో పెంచేయకండి, గ్యాసు పడుతుంది.

అరుగుమీద (డాలస్)

మేడిచెట్టు గారూ, మీ ఆవిడకు చెప్పండి. నేను మావారికి చెప్పాక రాత్రి ఆయనే వేడినీళ్ల సంచి నింపి ఇస్తున్నారు. చీకట్లో ఒంటరిగా పళ్లు బిగించుకుని కూర్చోవడం మాత్రం తప్పింది.

మేడిచెట్టు (నెల్లూరు)

చెబుతాను. ఇంకొక సందేహం. మా పెద్దమ్మకు కూడా ఇలాంటిదే ఉండేదని ఇప్పుడు గుర్తొస్తోంది. పిల్లలకు వస్తుందా?

పాతస్టెతస్కోపు (విశ్రాంత శస్త్రవైద్యులు, కాకినాడ)

చాలామందిలో వంశపారంపర్యం కాదు. చాలా అరుదుగా కొన్ని కుటుంబాల్లో లోపలి కండర వలయం పుట్టుకతోనే మందంగా ఉండి, తీవ్రమైన మలబద్ధకంతో పాటు ఈ నొప్పి వస్తుంది. జనంలో ఇంత మామూలుగా ఉండే బాధ కాబట్టి ఒకే ఇంట్లో ఇద్దరికి ఉండటం వింతేమీ కాదు. పిల్లల గురించి దిగులు పడవద్దు.

ఒక్కటి మాత్రం ఇక్కడ చదివేవారందరికీ. వీపు నొప్పితో పాటు మలద్వారం చుట్టూ, తొడల లోపలి వైపు మొద్దుబారినా, మూత్రం ఆగిపోయినా, తెలియకుండా పోయినా అది వెన్ను నరాల మీద ఒత్తిడి కావచ్చు. అప్పుడు రేపటి ఓపీ కోసం ఆగవద్దు, అదే గంటలో అత్యవసర విభాగానికి వెళ్లాలి. అలాగే జ్వరంతో పాటు ఆగకుండా సలిపే వాపు ఉంటే, ముఖ్యంగా మధుమేహం ఉన్నవారు, అదే రోజు చూపించుకోవాలి. చీము గడ్డ మాత్రలతో కరగదు, కోసి తీయాల్సిందే.

సన్నజాజి (భీమవరం)

నేను చాలాకాలంగా చదువుతూ ఉన్నాను, ఇవాళే రాస్తున్నాను. నాకూ మేడిచెట్టు గారిలాంటి నొప్పే. మా ఊళ్లో సర్జన్లందరూ మగవాళ్లు. ఓపీలో చీటీ రాసేచోట అందరి ముందూ 'ఏం బాధ' అని గట్టిగా అడుగుతారు. అక్కడే ఆగిపోతున్నాను.

రాత్రిడ్యూటీ (స్టాఫ్ నర్సు, కర్నూలు)

అమ్మా, చీటీ దగ్గర 'కడుపు సంబంధం, సర్జరీ ఓపీ' అంటే చాలు, అంతకంటే అక్కడ చెప్పనక్కర్లేదు. మిగతాది కాగితం మీద ముందే రాసుకుని వెళ్లండి: ఎప్పటి నుంచి, ఎంతసేపు ఉంటుంది, రాత్రా పగలా, రక్తం ఉందా లేదా, నెలసరితో సంబంధం ఉందా. ఆ కాగితం డాక్టర్ చేతికివ్వండి. నోటితో చెప్పలేనివి చాలామంది అలాగే ఇస్తారు, మాకు అలవాటే. పరీక్ష చేసేటప్పుడు ఆడ నర్సు పక్కన ఉండాలని అడిగే హక్కు మీకుంది. మీరు అడగకముందే నర్సును పిలవడం మంచి పద్ధతి, పిలవకపోతే అడగండి. ఆడ డాక్టరే కావాలంటే ముందు స్త్రీవైద్య నిపుణురాలిని కలవండి, పరీక్ష ఆవిడ కూడా చేయగలరు, అవసరమైతే ఎవరి దగ్గరకు వెళ్లాలో ఆవిడే రాసిస్తారు. ప్రభుత్వ ఆన్‌లైన్ వైద్య సేవ ఈ-సంజీవనిలో డాక్టర్‌తో ఫోనులో మాట్లాడటం కూడా మొదటి అడుగుకు పనికొస్తుంది, కాకపోతే చేత్తో చేసే పరీక్ష అందులో కుదరదు.

భీమవరం నుంచి ఏలూరు ఎంతో దూరం కాదు. ఊళ్లో తెలిసినవాళ్లు ఎదురవుతారని సంకోచమైతే అక్కడ చూపించుకోండి. వెళ్లే ముందు ఆ కాగితం ఇక్కడ పెడితే ఏం కలపాలో చూసి చెబుతాను. పేరు, ఊరు మాత్రం దాని మీద రాయకండి.